మా అత్తకు అమ్మవారు పూనలేదు

మా అత్త నాంచారమ్మ చేపలు అమ్ముతుంది, జరగబోయేది చెబుతుంది. మొదటిదానికి జనం ఆమె చుట్టూ మూగుతారు, రెండోదానికి పారిపోతారు. నేను కాపురానికి వచ్చిన మూడో రోజు నా మొహంలోకి చూసి, "ఇవాళ నువ్వు మావాడితో పోట్లాడతావే కోడలుపిల్లా" అంది. పోట్లాడాను. ఆవిడ ఆ మాట అనకపోతే ఆ రోజు పోట్లాడేదాన్ని కాదని ఇప్పటికీ నా నమ్మకం.

మాది కొల్లేటి నడుమ ఒక లంక. దోనె ఎక్కనిదే ఎక్కడికీ వెళ్ళలేం. తెల్లవారగానే నేనూ అత్తా తాటిదోనెలో గట్టు చేరి, బస్సు పట్టుకుని హనుమాన్ జంక్షన్‌లో దిగేవాళ్ళం. గంపలో తడిగుడ్డ కింద చిన్నచేపలు, బిందెలో ప్రాణంతో ఉన్న కొర్రమీనులు. అత్తకి ఒక పిచ్చి నియమం ఉంది. నిన్నటి చేపని ఇవాళ్టిదని అనదు. ఎవరూ అడక్కుండానే, "ఇది నిన్నటిదమ్మా, పులుసైతే తీసుకో, వేపుడికి వద్దు" అని తనే చెప్పేస్తుంది. పక్కన గంపలవాళ్ళు మూతులు తిప్పుకుని నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా అందరి గంపలకన్నా ముందు ఖాళీ అయ్యేది ఆవిడ గంపే, మరి దానికేం చెప్పను.

వారానికోసారి విజయవాడ గవర్నర్‌పేటలో ఒక భోజన హోటలుకి కొర్రమీనులు ఇచ్చి వచ్చేవాళ్ళం. డెబ్భై మూడులో వానలు వెలిసిన రోజుల్లో అనుకుంటాను, తిరిగి వస్తుంటే బుడమేరు పక్కన బస్సు పంక్చరైంది. అందరూ దిగి నీడ వెతుక్కుంటే అత్త మాత్రం ఏటి ఒడ్డుకు పోయి నిలబడింది. ఒకపక్క తూము లోంచి నల్లటి నీళ్ళు నురగలు కక్కుతూ ఏట్లో పడుతున్నాయి.

"ఏం నీళ్ళయ్యా ఇవి?" అని కండక్టర్ని అడిగింది.

"ఊళ్ళో మురుగమ్మా."

"ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికో పోతాయిలే, నీకెందుకు?"

"ఎక్కడికో కాదు నాయనా, మా బిందెలోకి వస్తాయి" అంది అత్త. బుడమేరు వచ్చి కలిసేది కొల్లేట్లోనే. మా లంకలో అందరం తాగేదీ, వండుకునేదీ ఆ కొల్లేటి నీళ్ళే. కండక్టరు టైరు వైపు వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి అత్త జోస్యాల కొలత మారింది. అంతకు ముందు ఏ బస్సు చెడుతుందో, ఎవరింట్లో గొడవ అవుతుందో చెప్పి మురిసిపోయేది. ఇప్పుడు కొల్లేరు మొత్తానికి ఏం కాబోతోందో చెప్పడం మొదలుపెట్టింది. అన్నం దగ్గర చెప్పేది, దోనెలో చెప్పేది. వల బాగుచేసుకుంటున్న నా మొగుడి పక్కన చేరి చెప్పేది. అతను తలూపుతూ వలలో ముడులు వేసుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు "నాంచారమ్మ మొదలెట్టింది" అని తడిక వేసుకునేవాళ్ళు.

మా ఊరికి ఉత్తరాన తల్లిమడుగు ఉంది. వేసవిలో కొల్లేరు ఎంత ఇంకినా అక్కడ రెండు నిలువుల నీళ్ళుంటాయి. మిగతాచోట్ల బతకలేని చేపంతా ఆ మడుగులో తలదాచుకుంటుంది. తొలివానలకి బయటికొచ్చి గుడ్లు పెడుతుంది. కొర్రమీను పిల్లలు ఎర్రగా ముద్దలాగా నీళ్ళపైకి తేలతాయి, వాటి కిందే తల్లి కాపలా తిరుగుతుంది. ఆ ముద్దలోకి ఈటె దించితే తల్లి దొరకడం చిటికెలో పని. అయినా మావాళ్ళెవరూ ఆ మడుగులో ఈటె వేయరు, మావు బుట్టలు పెట్టరు, వల దించరు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు, నేను వచ్చేటప్పటికే ఉంది.

డెబ్భై నాలుగులో మా అమ్మవారి జాతరకి పది రోజుల ముందు జక్కయ్య అనే కంట్రాక్టరు తెల్లచొక్కా వేసుకుని దోనె దిగాడు. మాటకారి. "నా దగ్గర ఇంజన్లున్నాయండి. ఈ ఎండాకాలం మీ మడుగు తోడించి చేప పట్టుకుంటాను. బదులుగా ఊరికి మైకుసెట్టు, జనరేటరు, రంగురంగుల దీపాలు ఇచ్చేస్తాను. ఇకమీద మీ జాతర విజయవాడకి వినపడాలి" అన్నాడు. ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. అబద్ధమెందుకు, నాకూ ఆ దీపాల మీద ఆశ పుట్టింది. మా ఊరిపెద్ద ఎల్లారావు, అత్తకి వరసకు మరిది, జాతర రోజు తాంబూలం ఇచ్చి మాట ఖాయం చేద్దామన్నాడు. తాంబూలం చేతులు మారిందంటే మా ఊళ్ళో ఇక ఆ మాటకు తిరుగులేదు.

ఆ పదిరోజులూ అత్త కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "అడుగు దాకా తోడేస్తే వచ్చే ఏడు గుడ్డు పెట్టేదెవరర్రా?" అని అడిగింది. ఒక్కరూ చెవిన పెట్టలేదు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూలబడి, "ఈ జనం నా దగ్గర చేప కొంటారు గాని మాట కొనరే" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అంత మనిషీ దిగులు పడుతోందని అప్పుడు తెలిసింది.

జాతర రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం డప్పులు, గరగలు, పసుపునీళ్ళు. ఏటా అమ్మవారు పూనేది సన్యాసమ్మ పిన్నికి. ఆ ఏడూ పూనింది. చీర అడిగింది, చలిమిడి అడిగింది, అందరినీ చల్లగా చూస్తానని శాంతించింది. తరువాత ఎల్లారావు తాంబూలం పళ్ళెం అందుకున్నాడు. జక్కయ్య కుర్చీలోంచి లేచాడు. అప్పుడు అత్త జనాన్ని తోసుకుంటూ నడిమధ్యకి వచ్చి నిలబడింది. మొక్కుస్నానం చేసిన తడిజుట్టు విరబోసుకుని ఉంది. కోపంతో ఒళ్ళంతా వణికిపోతోంది.

"ఆ పళ్ళెం దించు ఎల్లారావూ" అంది.

వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. ఇంకెవడో "ముసలమ్మని కూర్చోబెట్టండ్రా" అన్నాడు. నవ్వులు. నా కాళ్ళ దగ్గర పసుపునీళ్ళ కడవ ఉంది. ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. కడవెత్తి అత్త నెత్తిన కుమ్మరించి, "అమ్మ పలుకుతోంది, దండం పెట్టండి" అని గొంతు చించుకున్నాను. డప్పులవాళ్ళు దరువు అందుకున్నారు. ఈల వేసినవాడితో సహా అందరూ చేతులు జోడించారు.

అత్త కారుతున్న నీళ్ళలోంచి నన్నొక చూపు చూసింది. నిలువునా నీరైపోయాను. తరువాత ఆ జోడించిన చేతుల వైపు చూసింది. నెలల తరబడి ఒక్కడూ వినని మాట వినడానికి ఊరంతా నోరు మూసుకుని నిలబడి ఉంది. ఎవరికైనా ఆశ పుడుతుంది. అత్త నోరు విప్పింది.

"ఇవాళ మడుగు తోడతారు. రేపు గట్టు కడతారు. కొల్లేరంతా గళ్ళుగళ్ళుగా గట్లు లేస్తాయి, ఒక్కో గడికి ఒక్కో పెద్దమనిషి. మీ దోనెకి దారుండదు. విజయవాడ కడుక్కున్న నీళ్ళన్నీ బుడమేట్లో వచ్చి మీ వాకిట్లో నిలబడతాయి. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు. బండి మీద నీళ్ళు తెచ్చి అమ్ముతారు, మీ కోడళ్ళు బిందెలు పట్టుకుని దాని వెంట పరిగెత్తి కొనుక్కుంటారు. ఏటా వచ్చే గూడబాతులు దారి మరిచిపోతాయి. కొర్రమీను ఎలా ఉంటుందో పిల్లలకి బొమ్మ గీసి చూపించాలి. వాన తగ్గిన ఏడు సముద్రం నుంచి ఉప్పుటేరు ఎదురెక్కి ఉప్పు మీ పొయ్యిదాకా వస్తుంది. వల పట్టిన చేతులు ఊరుగాని ఊళ్ళో ఇటుకలు మోస్తాయి. ఇదంతా మీ చేతుల్లోనే ఉంది. తోడకండి."

ఎల్లారావు పళ్ళెం దించేశాడు. జక్కయ్య చెప్పులు విడిచి తనే దండం పెట్టాడు. ఇంజన్లు రావని అక్కడికక్కడే తేలిపోయింది. నేను గాల్లో తేలుతూ ఇంటికి వచ్చాను.

అత్త జుట్టు తుడుచుకుంటూ కూర్చుంది. "ఎందుకు పోశావే?"

"నీ మాట వినరు గనక. ఇప్పుడు విన్నారుగా?"

"నా మాటెక్కడ విన్నారు?" అంది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పొద్దుటే మా వాకిలి నిండా కొబ్బరికాయలు. ఒకరికి సంబంధం కుదరాలి, ఒకరికి కొడుకు పుట్టాలి. అత్త ఎవరి కాయా ముట్టుకోలేదు. ఇంతలో ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న పసిపిల్లని తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. "రెండు రోజులైందమ్మా. నీ చెయ్యి పడితే చాలు, ఇక ఆసుపత్రికి తీసుకుపోను" అంది.

అత్త మొహం పాలిపోయింది. పిల్లని గుండెకి హత్తుకుని లేచి, నా మొగుణ్ణి కేకేసి, ఆ తల్లీబిడ్డలని దోనె ఎక్కించి కైకలూరు ఆసుపత్రికి పంపించింది. పిల్ల దక్కింది, నాలుగు రోజులకి ఆడుకుంటూ తిరిగొచ్చింది. కాని దోనె కదలగానే అత్త నా వైపు తిరిగి, "పద, పంచాయితీ పిలిపిద్దాం" అంది.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ వేసవి గడవనీ. వానలు పడ్డాక చెబుదువుగాని."

"ఈలోపు ఇంకో పిల్లని తెస్తే?"

ఆవిడ వెనకే నడిచాను.

సాయంత్రానికి జనం చేరారు. జక్కయ్య ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. అత్త లేచి, "నిన్న నాకు అమ్మవారు పూనలేదు. మాట్లాడింది నేనే, నాంచారమ్మనే. తప్పు నాది" అంది. నా పేరు ఎత్తలేదు. అలా ఒక్కతే తల వంచుకుని నిలబడితే నేను చూడలేకపోయాను. "నీళ్ళు పోసింది నేను. అమ్మవారని అరిచిందీ నేనే" అని లేచి పక్కన నిలబడ్డాను. ఆ గోలలో మమ్మల్ని తిట్టనివాడు పాపాత్ముడు.

ఎల్లారావు గోల సద్దుమణిగేదాకా ఆగాడు. "అమ్మవారు చెప్పలేదు గనక మడుగు మాట మళ్ళీ మొదటికొచ్చింది వదినా" అన్నాడు. జక్కయ్య మొహం విప్పారింది.

"రానీ" అంది అత్త. "అమ్మవారు చెబితే దండం పెట్టి ఊరుకుంటారు. నేను చెబితే ఆలోచించాలి. నిన్న నేను చెప్పినదాంట్లో ఏది అబద్ధమో ఒక్కరు లేచి చెప్పండి. కూర్చుంటాను."

ఎవరూ లేవలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు. మడుగు తోడొద్దనేవాళ్ళు నాంచారమ్మ పక్కకి రండి, తోడాలనేవాళ్ళు అక్కడే ఉండండి అన్నాడు ఎల్లారావు. మేమిద్దరం నిలబడి ఉన్నాం. నా మొగుడు తడబడుతూ వచ్చి మూడో మనిషిగా నిలబడ్డాడు. తరువాత ఎవరూ కదల్లేదు. పోయింది, అంతా నా చేతులారా చేశాననుకున్నాను.

అప్పుడు సన్యాసమ్మ పిన్ని లేచింది. ఊళ్ళో అందరికన్నా కోపం రావలసింది ఆవిడకే. తాపీగా నడిచి వచ్చి అత్త పక్కన నిలబడి, కొంగు దోపుకుంది.

"ఇన్నేళ్ళుగా నా ఒంటిమీదకి వచ్చి అమ్మ చీరలే అడిగింది. బుడమేరు సంగతి ఒక్కసారి చెప్పలేదు" అంది. "ఆ నీళ్ళు మోసేది నేనర్రా. నాంచారమ్మ చెప్పింది నాకు అర్థమైంది."

ముందు ఒక నవ్వు, దాని వెనక పది నవ్వులు. బిందెలు మోసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఎల్లారావు భార్య కూడా లేచి వచ్చి మొగుడి వైపు చూసింది. "నాకు రాత్రికి అన్నం కావాలయ్యా" అంటూ ఆయనా ఇటు నడిచాడు. అత్త ఏడ్చేసింది. నేను ఆవిడని పట్టుకుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. జక్కయ్య తన సంచీ తీసుకుని దోనె వైపు వెళ్ళాడు.

అమ్మవారి పేరు వాడుకున్నందుకు తప్పు మాత్రం వేశారు. నేను నెలరోజులు గుడి ముంగిలి ఊడ్చాను. అత్తకి వేసిన శిక్ష వేరు. ఏటా జాతరలో, పసుపునీళ్ళు లేకుండా, తన పేరుతోనే, ముందు ముందు జరగబోయేది ఊరందరికీ చెప్పాలి. తరువాతే మడుగు సంగతి తేల్చాలి. అంత చక్కటి శిక్ష అనుభవించిన మనిషిని నేను చూడలేదు. వారం ముందు నుంచే దోనెలో నాకు అప్పజెప్పి వాయించేసేది.

ఇది డెబ్భై తొమ్మిది. ఈ ఏడూ చెప్పింది, ఈ ఏడూ మడుగు మిగిలింది. తొలివానకి ఎర్రటి ముద్దలు తేలితే ఇద్దరం దోనె ఆపి లెక్కపెట్టబోయి తప్పులు పోయాం. ఎల్లారావు మాత్రం ఇప్పటికీ వాదిస్తాడు. "అన్నీ ఒప్పుకుంటాను గాని వదినా, మన కొల్లేట్లో నీళ్ళు కొనుక్కోవడమేమిటి? ఆ ఒక్కటీ తప్పు" అన్నాడు మొన్న.

"నీ నోట పంచదార పొయ్య" అంది అత్త. "తప్పవ్వాలనే కదరా ఇన్నేళ్ళుగా చెబుతున్నాను."