ఆ దినం తప్పింది గిటారు కాదు

ఫిట్టర్ భాయ్ పోయిండు. పోయిన శుక్రవారం పొద్దున చాయ్ తాగుతుంటే, గోడ అవతలికెల్లి ఆయన బిడ్డ పిలిచింది. "పెద్దనాయినా, జల్దీ రా. మా అబ్బా లేస్తలేడు." పోయి చెయ్యి పట్టుకున్న. సల్లగున్నది.

నాకు రాసుడు అంతగ రాదు. డప్పు కొట్టుడు వస్తది. కానీ ఒక్క మాట రాసి పెట్టాలె, గందుకే కూసున్న.

చిట్కుల్‌ల మాయి పక్కపక్క ఇండ్లు. ఇద్దరం కాజీపల్లి మందుల కంపెనీలనే చేసినం. ఆయన మెషిన్లు బాగు చేసేటోడు, నేను లోడింగ్. గల్లీ అంత సినిమా పాటలు పెడితే, ఆయన ప్రోగ్రెసివ్ రాక్ అని, తాళం ఐదుకో ఏడుకో తిరిగే ఇంగ్లీషు పాటల క్యాసెట్లు పెట్టేది. అవి విని విని గిటారు నేర్చిండు. కంపెనీల గ్రీసు తుడిసే కాటన్ వేస్ట్ తోనే తీగలు తుడిసేది.

ఒక ఐతారం మిద్దె మీద అన్నడు: "అన్నా, ఏడు దెబ్బలకు ఒక సుట్టు కొట్టు."

"ఏడేంది భాయ్? మనిషికి కాళ్లు రెండు. ఏడు కొడితే ఊరేగింపు కుంటుతది."

"ఏం కుంటదు, అన్నా. లెక్కపెట్టుకుంట నడువు. మొదటి దెబ్బ ఒకసారి కుడికాలు మీద పడ్తది, మళ్లసారి ఎడమకాలు మీద. రెండు కాళ్లకు సమానంగ ఇన్సాఫ్."

నడిచి సూసిన. నిజమే.

ఇగ ప్రతి ఐతారం గదే పని. నేను ఏడు కొడ్త. దాని మీద ఆయన గిటారు సోలో నాలుగు లెక్కన ఉరుకుతది. నా ఏడు నాలుగుసార్లు తిరిగేసరికి ఆయన నాలుగు ఏడుసార్లు తిరిగి, ఇద్దరం ఒక్క దెబ్బ మీద దిగుతం. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాక గట్ల దించేటోడు ఇంకొకడుంటే పట్టుకరాండ్రి. డప్పు మంటకు కాపుకొని కూసుంట.

కంపెనీల విశ్వకర్మ పూజనాడు మమ్ముల స్టేజీ ఎక్కిచ్చిన్రు. జనం సప్పట్లు రెండు రెండు పడ్తున్నయి. నా ఏడు వాటిల ఇముడుతలేదు. ముందల కూసున్న సూపర్‌వైజర్ ఒర్రిండు: "ఓ పెద్దాయనా, నీ డప్పు కుంటుతుంది!"

నా డప్పునా? రోషమొచ్చింది. చెయ్యి ఎనిమిదో దెబ్బ ఏసింది, అది జనం సప్పట్లకు కలిసింది. ఇద్దరం కలిసి దిగే జాగకు భాయ్ ఒక్కడే దిగిండు. నా దెబ్బ ఆడ లేదు. జనం నవ్విన్రు. ఆయన ఆగలె. ఒక్క తీగను సాగదీసి పట్టి, నా మొదటి దెబ్బ వచ్చేదాక నిలవెట్టి, ఆడికెల్లి ఎత్తుకున్నడు.

దిగినంక సూపర్‌వైజర్ అన్నడు: "డప్పు మంచిగనే ఉండె. గిటారే తప్పింది."

"హా సార్, నాదే," అన్నడు భాయ్, తీగలు తుడుసుకుంట. నేను డప్పు సంకకేసుకొని బయటికి నడిచిన.

ఆటోల అడిగిన: "ఎందుకట్ల చెప్పినవు?"

"నడిచే మెషిన్ల చెయ్యి పెట్టొద్దన్నా. నీ డప్పు నడుస్తుండె. నేనే పక్కకు జరిగిన."

ఇన్నేండ్లు కంపెనీల గదే మాట నడిచింది, గిటారు తప్పిందని. ఇగ అందరు వినుండ్రి. తప్పింది డప్పు. కొట్టింది నేను. ఆయన చేతిల ఏనాడు ఒక్క దెబ్బ ఎక్కువ పడలె, తక్కువ పడలె.

జనాజా లేపినప్పుడు నేను గూడ భుజం పెట్టిన. నాలుగు అడుగులు ఏసిన్నో లేదో ఎనుకకెల్లి ఒక పిలగాడు భుజం మార్చుకునేటందుకు వచ్చి, "చాచా, ఇగ నాకియ్యి" అన్నడు.

"ఆగు బిడ్డా. ఏడు నిండనీ."

నిండింది. లోపటి లెక్కల మళ్ల మొదటి దెబ్బ ఎడమకాలు మీద పడ్డది. మళ్ల ఏడు నడిచిన. కుడికాలు మీద పడ్డది. యాడ గూడ కుంటలె.