అందలేదంటే అందలేదు

మాదాపూర్‌లో కొండరాళ్లను పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజుల్లో నాగమణి అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. ఊరు ప్రొద్దుటూరు. ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. ఇనుప కమ్మీలు, తోలు పట్టీలు, అడుగున బూటు ఉన్న క్యాలిపర్ తొడుక్కుంటే గానీ ఆ కాలు నిలబడదు. కుడికాలితో మిషను తొక్కేది. కొత్త ఆఫీసుల్లో చేరిన అమ్మాయిలు పంజాబీ డ్రెస్సులు కుట్టించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవారు. వాళ్లలో ఎవరైనా నోరుజారి "పాపం" అన్నారా, గుడ్డ మడిచి చేతిలో పెట్టేసేది. "వేరే యాడన్నా కుట్టించుకో పోండి" అనేది.

1999 ఎండాకాలంలో ఆ క్యాలిపర్ కమ్మీ మోకాలి దగ్గర విరిగింది. అది పాతబడిందని తెలిసి నాగమణి అప్పటికే మద్రాసు వెళ్లి కొత్తదానికి కొలతలిచ్చి వచ్చింది. కొరియర్‌లో పంపామని అక్కడివాళ్లు చెప్పి పార్సిల్ నంబరు కూడా ఇచ్చారు. విరిగిన కమ్మీకి కర్రముక్క కట్టుకుని ఎదురుచూసింది. వారం గడిచినా పార్సిల్ జాడ లేదు. ఎస్టీడీ బూత్ నుంచి కొరియర్ ఆఫీసుకు ఫోను చేస్తే "డెలివరీ అయిపోయింది" అని పెట్టేశారు. మళ్లీ చేసింది. మళ్లీ అదే మాట.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి ఆ ఆఫీసుకే వెళ్లింది. మేనేజరు చలపతిరావు ఏలూరు వైపు మనిషి, మాట మెత్తన. కొత్తగా వచ్చిన కంప్యూటరుకు పెట్టిన పసుపు బొట్లు ఇంకా ఆరలేదు. నంబరు కొట్టి చూశాడు.

"అందిందనే చూపిస్తోందండి. ఇంట్లోవాళ్లెవరైనా తీసుకున్నారేమో కనుక్కోండి."

"ఇంట్లో నేనొక్కదాన్నే సార్. నాకు అందలేదు."

"కంప్యూటర్లో ఉందంటే అందినట్టేనండి. ఇది అబద్ధం చెప్పదు."

"అయితే అబద్ధం నేను చెప్తాండానా?" నాగమణి కుచ్చిళ్లు కాస్త పైకెత్తి కర్రముక్క కట్టిన కాలు చూపింది. "ఆ పెట్టెలో ఉండేది చీరలు కాదు సార్, నా కాలు. ఇంకెవురికీ పట్టదు. అందింటే దీన్ని కట్టుకోని మీ మెట్లెక్కుతానా?"

చలపతిరావు తల దించుకున్నాడు. ఫిర్యాదు రాసుకుంటాం, పైవాళ్లకు పంపుతాం అంటూ ఏవేవో చెప్పాడు. నాగమణి కౌంటరు ముందున్న బెంచీ మీద కూలబడింది.

"అది దొరికినాకే పోతా."

"సాయంత్రం ఆఫీసు మూసేస్తామండి."

"మూసుకోండి. నేను లోపలే ఉంటా."

పార్సిళ్లు పంపడానికి వచ్చినవాళ్లు ఏమైందమ్మా అని అడిగారు. అడిగినవాళ్లకల్లా ఆమె గొంతు తగ్గించకుండా చెప్పింది. ఒకాయన తను తెచ్చిన పార్సిల్ చంకన పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. అది చూశాక చలపతిరావు డెలివరీ మనిషిని పిలిపించాడు. సంగతి అప్పుడు తేలింది. చిరునామాలో గుర్తు కోసం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు రాసి "పక్క సందు" అని ఉంటే, అతను కంపెనీ పేరు దాకానే చదివి ఆ మేడలో ఇచ్చేసి వచ్చాడు.

"రేపు తెప్పిస్తానండి" అన్నాడు చలపతిరావు.

"రేపెందుకు సార్? పాండి, ఇప్పుడే పోదాం."

మేడ గేటు దగ్గర కాపలా ఉన్న వీరేశం ఆమెకు చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్ పోవచ్చు. నువ్వు గిటు పోవద్దమ్మా, గిది ఆఫీసోళ్ల తొవ్వ. ఎనక గేటుకెల్లి రా."

"అది ఎంత దూరం?"

"జర సుట్టు తిరగాలె."

"నా కాలు ఈ గేటులోంచే పోయిందన్నా. నేనూ ఈడనుంచే పోతా."

వీరేశం చలపతిరావు మొహం చూశాడు. "పోనివ్వవయ్యా, ఆవిడ ఆగదు" అన్నాడు చలపతిరావు.

ఎవరిదో తెలియక సామాన్ల గదిలో పడేసిన పెట్టెను తెచ్చి ఇచ్చారు. బయటికి తీసుకెళ్లి విప్పుకోమంది రిసెప్షన్‌లోని అమ్మాయి. నాగమణి విననట్టే అక్కడి సోఫాలో కూర్చుని, సంచిలోంచి కత్తెర తీసి తాళ్లు కోసింది. మెడలో కార్డులు వేసుకున్నవాళ్లు ఆగి చూస్తున్నారు. కొందరు చూపు తిప్పుకున్నారు. ఆమె తొందరపడలేదు. పట్టీలు ఒక్కొక్కటే బిగించుకుని లేచి నిలబడింది. చాన్నాళ్లకు నడుము నిటారుగా నిలిచింది. కళ్లల్లో తడి రానివ్వలేదు.

చలపతిరావు కాగితం అందించాడు. "అందిందని సంతకం పెట్టండి."

నాగమణి చదివింది. "దీంట్లో పోయిన వారం తారీఖు ఉంది."

"కంప్యూటర్లో పడిన తారీఖు మార్చడం కుదరదండి."

"అయితే నేను పెట్టడమూ కుదరదు."

తర్వాత ఆ కాగితం పట్టుకుని కొరియర్ మనిషి రెండుసార్లు ఆమె గదికి వచ్చాడు. మిషను తొక్కడం ఆపకుండానే "తారీఖు మార్చినారా?" అని అడిగి, రెండుసార్లూ తిప్పి పంపింది. మూడోసారి చలపతిరావే వచ్చాడు. ఆమె ఎదుటే పాత తేదీ కొట్టేసి, సరైనది రాసి, పక్కన తన సంతకం పెట్టాడు. నాగమణి అప్పుడు పెన్ను అందుకుంది.

"కూర్చోండి సార్" అంది సంతకం చేసి. "టీ తెప్పిస్తా."