బాపు కోసం చేయించిన భట్టీ బిస్కెట్లు

మొన్న కరీంనగర్‌లో మా ఇంట్లో కోడలు ఓట్సుతో బిస్కెట్లు చేస్తానని కూర్చుంది. పిల్లల బడిలో ఏదో వేడుకట, నూరు బిస్కెట్లు కావాలట. ఓట్సంటే మా ఈడు వాళ్లకు గుర్రాల దాణాయే గనక నేను కాస్త ఎకసెక్కమాడాను గానీ, ఓవెన్ తలుపు తెరవగానే వచ్చిన ఆ వెచ్చటి వాసనకు లేచి వెళ్లి వరండాలో కూర్చున్నాను.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు బిస్కెట్లు కొనుక్కోవడం కన్నా చేయించుకోవడమే ఎక్కువ. గోధుమపిండి, చక్కెర, డాల్డా మూటగట్టుకొని భట్టీకి పట్టుకెళ్తే, వాళ్లే పిండి కలిపి, రేకుల మీద పేర్చి కాల్చి, మన డబ్బాలోనే నింపి ఇచ్చేవాళ్లు. సిరిసిల్లలో మా వాడ చివర ఒక చాచా భట్టీ ఉండేది. వేసవి సెలవులొస్తే చాలు, డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లతో అక్కడ ఒకటే సందడి.

మేము ఆసారి వెళ్లింది మాత్రం సెలవుల్లో కాదు, ముసురు పట్టిన వానాకాలంలో. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం మేము. మరమగ్గాల మీద ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చి బాపు ఊపిరితిత్తులు చెడిపోయాయి. బువ్వ మింగుడుపడక, చాయ్‌లో నానేసిన బిస్కెట్ ఒక్కటే ఆయన లోపలికి పోయేది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఆ మాటకు అర్థం పదేళ్ల నాకు తెలియలేదు, అవ్వకు తెలిసీ ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్న పిండంతా ఊడ్చి భట్టీకి మోసుకొచ్చింది. బాపు సంగతి తెలిసిన చాచా ఆ మూట చూసి మెల్లగా అన్నాడు: "గిన్ని ఎందుకమ్మా, మెత్తవడ్తయి. జర సగం చేయించుకో, మల్ల కావాలంటే మల్ల రా."

"లే భాయ్, నెల దినాలకు సరిపోవాలె. ఆయన తింటడు," అంది అవ్వ. చాచా పిండంతా కలపడం మొదలుపెట్టాడు.

ఇంటికి రాగానే డబ్బాను అటక మీద పెట్టి, ముట్టుకుంటే వీపు చింతపండైతదని నన్నూ తమ్ముణ్నీ బెదిరించింది. అయ్యో, ఆ వాసనకు మేము పడ్డ యాతన! బాపు బతకాలని దేవుడికి మొక్కుతూనే, ఆయన ఒక్క బిస్కెట్ మిగిలిస్తే బాగుండునని కూడా మొక్కేదాన్ని.

ఐదో రోజు పొద్దున బాపు పోయాడు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, పైగా వచ్చినవాళ్లంతా ఏడుపుల్లో, ఏర్పాట్లలో పడి పిల్లల సంగతే మరిచారు. మధ్యాహ్నానికి తమ్ముడు ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. అప్పుడు బాపు పక్కన కూర్చున్న అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"గా డబ్బ దించు బిడ్డా. తమ్మునికి పెట్టు, నువ్వు తిను. ఇగ ఎవరి కోసం దాస్తం?"

శవం ఇంట్లో ఉండగా తిండేమిటని ఎవరో ముసలమ్మ గొణిగింది, అవ్వ వినిపించుకోలేదు. తలుపు వెనక కూర్చుని ఇద్దరం గబగబా తిన్నాం. అవ్వ మాత్రం ఆ తర్వాత బతికినన్నాళ్లూ బిస్కెట్ ముట్టలేదు.

ఇప్పుడు ఆ భట్టీ లేదు, పిండి మూటలు మోసేవాళ్లూ లేరు. చావింటికి కూడా హోటల్ పొట్లాలు వచ్చేస్తున్నాయి, పిల్లలు పస్తులుండటం లేదు, మంచిదే. నా ఈడు వాళ్లు కదా, మీతో చెప్పుకుంటే తప్పేముంది: ఎంత గుర్తు చేసుకున్నా ఇప్పుడు బాపు ముఖం సరిగ్గా కళ్లకు కట్టడం లేదు, ఆ రోజు ఆ బిస్కెట్లు ఎంత కమ్మగా ఉన్నాయో మాత్రం మరిచిపోలేకపోతున్నాను.