కమానులో ఒక పట్టీ ఎక్కువ

మా తమ్ముణ్ణి ముందు నుంచి చూస్తే యాభై దాటినవాడిలా ఉంటాడు. వెనక నుంచి చూస్తే అచ్చం మా నాన్నే. కుడి భుజం కిందికి జారింది, మెడ ముందుకు వచ్చింది. నడుస్తున్నప్పుడు కూడా స్టీరింగు పట్టుకున్నట్టే చేతులు పెట్టుకుంటాడు. పెళ్ళీడు నుంచి సరుకుల వ్యాను తోలుతున్న మనిషి ఇంకెలా ఉంటాడు, పెళ్ళికొడుకులా ఉంటాడా?

మన వంటింట్లోకి బియ్యం మూట కాళ్ళతో నడిచి రాదు. ఎవరో ఒకరు తెస్తారు. ఆ ఎవరో ఒకరి గురించే చెబుతున్నాను.

మొదట గోడౌన్లో మూటలు మోశాడు. తరవాత ఒకాయన వ్యానులో క్లీనరుగా ఎక్కి, తుడుస్తూ తుడుస్తూనే తోలడం నేర్చుకున్నాడు. ఎంతోకాలానికి సొంతంగా ఒక పాత వ్యాను కొన్నాడు. దాని తలుపు మీద పాత యజమాని రాయించుకున్న పేరు ఎంత గీకినా పూర్తిగా పోలేదు. "పోనీలే అక్కా, నేను లోపల కూర్చుంటాగా, బయట ఎవడి పేరుంటే ఏం?" అన్నాడు. వాడెప్పుడూ అంతే, నోరు మెదపడు. మా మరదలు నన్ను ఎత్తిపొడిచేది కూడా అందుకే: "మీ తమ్ముడి వాటా నోరు కూడా దేవుడు మీకే పెట్టేశాడు వదినా!" అంటుంది. పెడితే పెట్టాడు, ఇంట్లో ఎవరో ఒకరికి ఉండాలిగా.

వాడి పనిలో కిరాయి మూటకింత అని కడతారు. ఎన్ని మూటలు దింపితే అంత. మొదట్లో ఆ రేటు మీద ఇల్లు గడిచేది, టైర్లు అరిగితే మార్చేవాడు, పండక్కో పబ్బానికో ఒక రోజు బండి ఆపేవాడు కూడా. ఆ తరవాత డీజిలు పెరిగింది, ఇన్సూరెన్సు పెరిగింది, టైర్లు పెరిగాయి. కిరాయి మాత్రం మా ఇంటి గడియారంలా ఒకచోట ఆగి కూర్చుంది. కూర్చున్నా బాగుండేది, కొన్నాళ్ళకు వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

అప్పుడు వ్యాన్ల స్టాండులో వాళ్ళంతా ఒక ఉపాయం చేశారు. వ్యాను వెనక చక్రాల పైన ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కట్ట ఉంటుంది, దాన్ని కమాను అంటారు. బరువంతా దాని మీదే. బండి చేసినవాళ్ళు ఎంత బరువుకు ఎన్ని పట్టీలో చూసే వేస్తారు. మెకానిక్కు దగ్గరికి పోయి ఇంకో పట్టీ దూర్పించుకుంటే, బండి ఇంకొన్ని మూటలు మోస్తుంది. మోస్తుంది అంటే కూలబడదు, అంతే. బ్రేకులు పాతవే, టైర్లు పాతవే, తోలేవాడి గుండె కూడా పాతదే.

మొదట ఒకడు వేయించాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. మావాడు చివరి వరకూ ఆగి, ఇక ఇంట్లో ఖర్చులు ఆగక వేయించాడు. అందరి బండ్లకీ పట్టీలు పడ్డాయి, అందరూ ఎక్కువ మోస్తున్నారు. అది చూసి, వీళ్ళకు లోడ్లిచ్చే బుకింగ్ ఆఫీసాయన మూట రేటు ఇంకాస్త తగ్గించాడు. ఎక్కువ బరువు, అదే డబ్బు. వీళ్ళ తెలివి వీళ్ళ నడ్డి మీదికే వచ్చింది.

ఏడాదికోసారి రవాణా ఆఫీసుకు పోయి బండి చూపించి ఫిట్‌నెస్ కాగితం తెచ్చుకోవాలి. అది లేకపోతే బండి రోడ్డెక్కకూడదు. ముందు రోజు పట్టీ తీయించడం, కాగితం తెచ్చుకోవడం, మర్నాడు మళ్ళీ బిగించడం స్టాండులో అందరికీ అలవాటైపోయింది. చుట్టాలొస్తే దుప్పటి మార్చినట్టు.

పోయిన వానల్లో ఒకరోజు వాడు ఇంటికి రాగానే బండి పక్కన చతికిలబడ్డాడు. ఎడమ వైపు రేకంతా గీసుకుపోయి ఉంది. ఏమైందిరా అన్నాను. వంతెన దిగుతుంటే బ్రేకు తొక్కినా బండి వినలేదట. ముందు స్కూటరు మీద ఒక తల్లి, ఆవిడ వెనక ఒక పిల్ల. బండిని పక్క గోడకు రాసి, రాసి, ఎలాగో ఆపాడట.

"వాళ్ళు వెనక్కి తిరిగి కూడా చూడలేదక్కా. వాళ్ళకు తెలియనే తెలియదు."

"మీ ఆవిడకు చెప్పావా?"

"చెబితే రేపట్నుంచి నిద్రపోతుందా అది?"

నాకు మాత్రం చెప్పాడు. నేనేదో నిద్రపోతానన్నట్టు.

ఈ ఏడాది ఫిట్‌నెస్‌కు వెళ్ళే రోజు నేనూ బండెక్కాను. కంట్లో వేసుకునే చుక్కల మందు కొనుక్కోవాలి, దారిలోనే దుకాణం. ముందురోజే మెకానిక్కు పట్టీ తీసేశాడు. వరసలో నిలబడి నిలబడి ఎండ నెత్తికెక్కాక మా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు చిన్నవాడే, మా మనవడి ఈడు. బండి కిందికి టార్చి వేసి వంగి చూశాడు. ఇంకా వంగాడు.

"పెద్దాయనా, ఇలా రండి. ఈ బోల్టులకు ఇంత మర బయటికి ఎందుకుంది?"

మావాడి మొహం తెల్లబోయింది. కమాను కట్టంతా కలిపి పట్టే పొడుగు బోల్టులవి. పట్టీ తీశారు గానీ, దానికోసం వేసిన పొడుగు బోల్టులు అలాగే వదిలేశారు. మందం తగ్గింది, బోల్టు మిగిలింది. ఇన్నేళ్ళుగా ఎవరూ వంగి చూడలేదు కాబట్టి ఎవరికీ తోచలేదు.

"ఇక్కడుండాల్సిన పట్టీ ఇంట్లో ఉందా, మెకానిక్ దగ్గరుందా?" అని అడిగాడు ఆ అబ్బాయి. గొంతు పెంచలేదు. అదే నా ఒళ్ళు మండించింది.

"ఎక్కడుంటే ఏం నాయనా? అది వేయించుకోక తప్పని పరిస్థితి తెచ్చినవాణ్ణి పిలిచి అడగవేం?"

"అక్కా, నువ్వుండు," అన్నాడు మావాడు.

"నా ముందుకు వచ్చేది బండే కదమ్మా. ఆయన రాడు."

"ఎంత బరువు ఎక్కించాలో రూలు పెట్టారు. ఎంత కిరాయి ఇవ్వాలో పెట్టలేదా?"

ఆ అబ్బాయి టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. "నేను చూడాల్సింది బరువమ్మా. కిరాయి సంగతి నా చేతిలో లేదు." తరవాత మావాడి వైపు తిరిగి, "సరైన బోల్టులు వేయించుకుని రండి, పాస్ చేస్తాను. కానీ ఈ నంబరు నాకు గుర్తుంటుంది. కాటా దగ్గర ఎక్కువ బరువుతో దొరికితే పర్మిట్ పోతుంది, తరవాత నన్ను బతిమాలినా లాభం లేదు," అన్నాడు.

తిట్టుకుందామంటే తిట్టడానికి అతనిలో ఏమీ కనబడలేదు. అదొక కష్టం.

కొత్త బోల్టులు దొరికేదాకా బండి ఇంటి ముందే నిలబడింది. ఆ రోజుల్లో మావాడు తిండి, నిద్ర తప్ప ఏమీ చేయలేదు. మధ్యాహ్నం పడుకుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవాడు. "ఈయన ఇంత నిద్ర ఎక్కడ దాచుకున్నారో," అనేది మరదలు, పైకి నవ్వుతూనే. డబ్బాలో బియ్యం కొలిచేటప్పుడు మాత్రం నవ్వేది కాదు.

రెండోసారి పాసయ్యాడు. ఆరోజు కూడా నేను వెళ్ళాను, ఊరికే. ఇంట్లో కూర్చుంటే గోడలతో మాట్లాడాలి. వస్తూ బుకింగ్ ఆఫీసు దగ్గర ఆపాడు. ఆ ఆఫీసాయన కుర్చీలోంచే చెయ్యి ఊపాడు.

"వచ్చావా బాబాయ్! కాగితం వచ్చిందిగా? రేపు పొద్దున్నే లోడు, పాత లెక్కే. ఓహో, పెద్దమ్మగారు కూడా లోడులోనే ఉన్నారే!"

"నన్ను ఎక్కిస్తే నీ కాటా విరుగుతుంది, జాగ్రత్త," అన్నాను.

మావాడు నవ్వలేదు. "పట్టీ మళ్ళీ వేయించలేదు."

"అయితే ఎల్లుండి రా."

"ఎల్లుండీ వేయించను. కాగితంలో రాసినంత బరువే వేసుకుంటా. మూటకు కాస్త పెంచు."

"రేటు నేను పెట్టానా బాబాయ్? పై నుంచి ఫోనులో వస్తుంది. నేనూ నీలాంటివాణ్ణే."

"మావాడిలాంటివాడివైతే నీ కుర్చీకి ఆ దిండెందుకు?" అన్నాను. అతను దిండు సర్దుకున్నాడు.

బయట వరసలో ఉన్న వ్యాన్లవాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు. మావాడు వాళ్ళ దగ్గరికి నడిచాడు. వాడు నలుగురిలో అన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మనమే పట్టీలు వేయించి మన రేటు మనమే చంపుకున్నాం. అందరం తీసేద్దాం. ఒక్క వారం అందరూ రాసినంత బరువే అంటే వీడేం చేస్తాడు?"

"నూటికి నూరుపాళ్ళు నిజం అన్నా," అన్నాడు వరసలో మొదట ఉన్న కళ్ళజోడు డ్రైవరు. "ఎవడో ఒకడు ఈ మాట అనాల్సిందే."

"నువ్వు తీస్తావా మరి?"

"నువ్వు మొదలుపెట్టావుగా. చూద్దాం."

అంతలో లోపల్నుంచి కేక వినిపించింది, రేపటి లోడు ఎవరిదని. కళ్ళజోడు డ్రైవరు మావాడి మొహం చూడకుండా, "నాదే, నాదే!" అంటూ లోపలికి పరుగెత్తాడు. అతనికీ ఇంట్లో ముగ్గురు పిల్లలు. నేను అతన్నీ తిట్టలేకపోయాను. ఆ రోజు నా నోటికి అసలు పని దొరకలేదు.

ఇంటికి వచ్చాక మరదలు ఊరుకుంటుందా?

"మీరు గొప్పవారే, ఒప్పుకున్నాం. ఇంట్లోకి ఏం తెస్తారు? రూల్సు వండి పెట్టనా?"

వాడు చెప్పులు విడిచి గోడవారగా కూర్చున్నాడు.

"వదినా, మీరైనా చెప్పండి. వేయించుకోమనండి. అందరూ వేయించుకోవట్లేదా?"

"వాణ్ణే అడుగు, వంతెన దగ్గర ఏమైందో," అన్నాను.

వాడు నా వైపు గుర్రుగా చూశాడు. తరవాత తల దించుకుని మొత్తం చెప్పాడు. బ్రేకు, గోడ, స్కూటరు. మరదలు నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"ఆ పిల్ల ఎంత ఉంటుంది?"

"మొహం చూడలేదు. రెండు జడలున్నాయి."

మరదలు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. వాడి పక్కన కూర్చుంది. "వేయించకండి," అంది. ఆమె కూడా ఇంత తక్కువ మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు వాడు పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీ డబ్బాలు మోస్తాడు. బండి నిండా కనబడతాయి, బరువుండవు, కిరాయీ ఉండదు. అవి కూడా రోజూ దొరకవు. మరదలు పక్కవీధి బట్టల కొట్లో మడతలు పెట్టే పనికి పోతోంది. నేను కూరగాయలు తరిగి పెడతాను. బుకింగాయన ఎప్పుడైనా ఎదురుపడితే, "ఏం బాబాయ్, దూది మోస్తున్నావట!" అని నవ్వుతాడు. మావాడు కూడా నవ్వేసి వచ్చేస్తాడు. కళ్ళజోడు డ్రైవరు పట్టీ తీయలేదు. మిగతావాళ్ళూ తీయలేదు. రేటు మళ్ళీ కాస్త తగ్గిందట.

మొన్న వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాఫీ చేతికిచ్చి అడిగాను:

"ఇలా ఎన్నాళ్ళు తోలుతావురా?"

"పై ఏడు ఫిట్‌నెస్ దాకా చూద్దాం అక్కా."

"ఆ తరవాత?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. జవాబు కోసం ఎదురుచూశాను. తల పక్కకు వాల్చి, ఆ కుర్చీలోనే నిద్రపోయాడు. లేపలేదు.