గుంట జాగ్రత్త

మా పాప నందినికి అయిదేళ్లు. మైలవరం డ్యాం చూపించిన రోజు నుంచి అదే సముద్రమని బళ్లో అందరితో వాదించేది. అసలు సముద్రాన్ని కొండ మీది నుంచి చూపిద్దామని మా ఆయన, భీమిలి దాటాక ఉన్న ఒక కొండకు నడకయాత్ర కుదిర్చాడు. నాకు కొండలంటే భయం. గైడుకు ఫోను చేసి రెండుసార్లు అడిగాను. "పిల్లలు ఆడుకుంటూ ఎక్కేస్తారండీ" అన్నాడు. ఆ మాట నమ్మినందుకు ఇప్పటికీ నా మీద నాకే మండుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ప్రొద్దుటూరులో బస్సెక్కి, సాయంత్రం కడపలో విశాఖ రైలు అందుకున్నాం. తిండికి ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం, ఓళిగలు. ఎదురు సీట్లో కూర్చున్న చెన్నూరు రైతు ఒకాయన మా సంగతి విని నవ్వాడు.

"మన కాడ రాళ్లు తక్కువైనాయామ్మా? రాళ్లెక్కనీకి అంత దూరం పోతాండారు!"

"ఆడ సముద్రముంటాది తాతా" అంది నందిని.

శనివారం విశాఖలో దిగి, స్టేషను దగ్గరి లాడ్జిలో ఉన్నాం. ఆదివారం పొద్దున అయిదున్నరకు జీపు వచ్చింది. ఆరున్నరకల్లా కొండ కింద ఉన్నాం. మాతో పాటు గైడు, మరో అయిదారుగురు.

మొదటి అరగంట జీడితోటల మధ్య మట్టిదారి, హాయిగానే ఉంది. ఆ తర్వాత మొదలయ్యాయి బండలు. మోకాలెత్తు బండలు, వాటి మధ్య కాలు పెడితే దొర్లిపోయే రాళ్లు. ఎడమ పక్క కమ్మీ లేదు, తాడు లేదు, కిందంతా వాలు. గైడు మిగతావాళ్లను వెంటబెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు పోయాడు. అందరి నీళ్ల సీసాలూ ఆయన సంచిలోనే! పాపకు దాహమంటే, మా ఆయన "ఏం కాదులే, నువ్వూరికే భయపడతాండావు" అంటూ నీళ్ల కోసం గైడు వెనక పరుగెత్తాడు. పాప, నేను మిగిలాం. బూటు తాడు ఊడితే పాప చెయ్యి వదిలి వంగాను. అప్పుడే పైనుంచి కట్టెలమోపుతో దిగుతున్న ఒకావిడ కేక వేసింది.

"గుంట! గుంట సూసుకో!"

మా ఊళ్లో గుంటంటే గొయ్యి. కదలకుండా నిలబడి కాళ్ల చుట్టూ చూశాను. గొయ్యి ఎక్కడా కనబడలేదు.

"గుంట జారిపోతంది, పట్టుకోవే!"

గొయ్యి జారడమేమిటి? నేల వెతుకుతూనే ఉన్నాను. మోపు దబ్బున పడిన చప్పుడైంది. తలెత్తేసరికి ఆవిడ వాలు మీద బోర్లా పడుకుని నందిని జబ్బ పట్టుకుని ఉంది. పాప కాళ్లు రాళ్లతో పాటు కిందికి జారుతున్నాయి. ఇద్దరం కలిసి లాగాం.

"ఏటమ్మా, గుంటనొగ్గేసి నేల సూస్తన్నావేటి?"

"గుంట యాడుందక్కా?" అన్నాను ఏడుస్తూ.

ఆవిడ నన్ను చూసింది, పాపను చూసింది. "ఇదేనమ్మా గుంట. ఆడపిల్లని మేం గుంటంటాం."

నేను డిగ్రీలో తెలుగు చదివాను. మూడేళ్లు సంధులు, సమాసాలు, ఛందస్సు బట్టీ పట్టించారు. అదే భాషలో, రైలు దిగిన చోట, ఆడపిల్లను ఏమని పిలుస్తారో ఒక్కరూ చెప్పలేదు. ఎందుకా చదువు?

నీళ్లతో తిరిగొచ్చిన మా ఆయనతో, దిగిపోదామన్నాను. మోకాళ్లు గీరుకుపోయినా నందిని ఒప్పుకోలేదు. ఆవిడ మోపు అక్కడే వదిలేసి, పాప చెయ్యి పట్టుకుని మాతో పైదాకా వచ్చింది. ఎనిమిదింబావుకు శిఖరం చేరాం. నందిని సముద్రాన్ని చాలాసేపు కళ్లార్పకుండా చూసి, "అమ్మా, అవతలి గట్టు యాడ?" అని అడిగింది.

గైడు అప్పటికే ఫొటోలు దిగుతున్నాడు. జరిగింది చెబితే నవ్వాడు. "ఆవిడ తెలుగులోనే కదండీ అరిచింది! మీకు తెలుగు రాదా?"

"శానా బాగొచ్చప్పా. అయిదేండ్ల బిడ్డను రాళ్లలో ఇడిసిపెట్టి ముందుకు పోయేటోన్ని గైడంటారని మాత్రం యాడా సదవలా."

నా యాసకు ఆయన ఇంకోసారి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. దిగేటప్పుడు పాపను భుజాల మీద నుంచి దించలేదు.

వెళ్లేవాళ్లు వెళ్లండి, పైనుంచి సముద్రం గొప్పగానే ఉంటుంది. నీళ్లు మీ చేతిలోనే ఉంచుకోండి. ఎవరెంత తియ్యగా చెప్పినా చిన్నపిల్లలను తీసుకెళ్లకండి.

ఆ మధ్యాహ్నమే రైలెక్కాం. సోమవారం పది గంటలకు ప్రొద్దుటూరు చేరి, ఆటోలో మా వీధి మొగకు వచ్చాం. కాలువ కోసం తవ్వి, మూయకుండా వదిలేశారు. నేను దిగుతుంటే ఆటో అతను అరిచాడు.

"అక్కా, గుంట! గుంట!"

పక్కనున్న నందినిని రెండు చేతులతో లాగి ఎత్తుకున్నాను. మరుక్షణం నా కాలు మోకాలి దాకా బురదలో దిగింది.

"చెప్తానే ఉండా గదక్కా, యాడ చూస్తాండావు?"

పాప నా మెడ పట్టుకుని కిలకిలా నవ్వుతోంది.

"యాడ చూడాల్నో ఆడే చూస్తాండానప్పా" అన్నాను.