ఇటుకల మీద అంబాసిడర్

టార్పాలిన్ తాడు విప్పి ఒక మూల పైకెత్తగానే ముందు బయటికొచ్చింది వాసన. ఎండిపోయిన రెక్సిన్, సీట్ల లోపలి కొబ్బరి పీచు, ఎలుకలు, ఏనాటిదో గ్రీజు, అన్నీ కలిసి దాదాపు నలభై ఏళ్లుగా ఊరిన వాసన. తార్నాకలో నాన్న కట్టించిన ఇంటి వెనక, రేకుల షెడ్డులో, ఇటుకల మీద నిలబడి ఉన్న మా పాత అంబాసిడర్ అది. మెట్టుగూడలో మెకానిక్ షెడ్డు నడిపే యాదగిరి ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. నేను మాత్రం ఇంకొంచెం ముందుకు వంగాను. బడిలో లెక్కలు చెప్పే నలభై ఎనిమిదేళ్ల ఆడమనిషి ఎలుకల కంపును గుండెల నిండా పీల్చుకుంటుంటే చూసేవాళ్లకు నవ్వు రావచ్చు. కానీ ఈ కారును చంపింది నేనే. తొమ్మిదేళ్ల వయసులో చంపాను. ఆ సంగతి అమ్మకు గానీ, నాన్నకు గానీ, వాళ్లు బతికుండగా ఏనాడూ చెప్పలేకపోయాను. దీన్ని ఒక్కసారైనా మళ్లీ నడిపించాలన్న పంతం నాకు అందుకే పట్టుకుంది.

నాన్న యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. క్యాంపస్‌లో అడిక్‌మెట్ వైపున్న స్టాఫ్ క్వార్టర్లలో మా పక్క వాటా మల్లయ్య బాబాయిది. ఆయన యూనివర్సిటీ డ్రైవరు, యాదగిరి తండ్రి, జనగామ వైపు రైతు కుటుంబంలో పుట్టినవాడు. అప్పటి క్యాంపస్ అంటే సగం అడవే. వానలు తగ్గుముఖం పట్టేసరికి బండరాళ్ల సందుల్లో సీతాఫలం పొదలు కాయలతో వంగిపోయేవి. కళ్లు విచ్చిన కాయలు ఏరుకొచ్చి బియ్యం డబ్బాలో దాచి, పండాయా లేదా అని గంటకోసారి నొక్కి చూసి, అమ్మ చేత తిట్లు తినేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో మేమంతా పడి తంగేడు పూలు కోసుకొస్తే మల్లయ్య బాబాయి భార్య లచ్చమ్మ పిన్ని మా దోసిళ్లలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పెట్టేది. డిసెంబరు వస్తే అమ్మ చేసిన గులాబీ పువ్వులు, కజ్జికాయలు గిన్నెల కొద్దీ వాళ్లింటికి వెళ్లేవి. ఆ గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు.

ఈ కారు మొదట యూనివర్సిటీదే. ఇక పనికిరాదని వేలం వేస్తే నాన్న పాడుకున్నాడు. అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఒక ఎండాకాలమంతా నాన్న, మల్లయ్య బాబాయి క్వార్టర్ల ముందు వేపచెట్టు నీడలో దాని కిందా పైనా పడుకుని, ఒంటినిండా నల్లటి నూనె పూసుకుని, పిల్లలం మంచినీళ్లు అందిస్తుంటే సగం తాగి సగం నెత్తిన పోసుకుని, చివరికి నడిపించారు. ఆ తరువాత ప్రతి ఆదివారం అందులోనే మెట్టుగూడ చర్చికి వెళ్లేవాళ్లం. వెనక సీట్లో ఆరుగురం, ముందు ముగ్గురు, నా ఒళ్లో పాటల పుస్తకాల సంచి. తాళం తిప్పే ముందు నాన్న స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. దసరా నాడు మల్లయ్య బాబాయి నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. నాన్న ముందు కాస్త గునిసి, చివరికి నిమ్మకాయ నీది, ప్రార్థన నాది అని రాజీపడేవాడు. ఆ వెంటనే రెండూ జరిగేవి.

ఆ ఏడు వానాకాలంలో నాన్న కారును మరీ నెమ్మదిగా నడపడం మొదలుపెట్టాడు. మలుపుల దగ్గర ఆగి ఆగి వెళ్లేవాడు. అమ్మ అడిగితే బండి సరిగ్గా లాగడం లేదని, దానికి ఒంట్లో బాగాలేదని విసుక్కునేవాడు. నేను ఆ మాట నమ్మాను. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా అమ్మ నుదుటికి రాసేది ప్రార్థన నూనె. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె సీసా అది, బైబిలు పక్కనే ఉండేది. చుక్క రాస్తేనే మనిషికి తగ్గుతుంటే, ఇంత పెద్ద కారుకు సీసా మొత్తం కావాలి కదా అని లెక్క వేసుకున్నాను. శనివారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుండగా వెళ్లి, పెట్రోలు ట్యాంకు మూత తీసి, కళ్లు మూసుకుని ఆమెన్ అనుకుంటూ సీసా అంతా పోశాను.

మర్నాడు చర్చికి నడిచి వెళ్లాం. నాన్న, మల్లయ్య బాబాయి కారును ఇటుకల మీదికి ఎక్కించడం తిరిగొచ్చాక చూశాను. "దీని పని అయిపోయిందమ్మా" అన్నాడు నాన్న, నా తల నిమురుతూ. నేను పోసిన నూనే దాన్ని చంపిందని ఆ రోజే తేల్చేసుకున్నాను. తరువాత నాన్న రిటైరవడం, కారును తాడు కట్టి తార్నాకకు లాక్కొచ్చి మళ్లీ ఇటుకలెక్కించడం, నేను ఇంటర్ చదువుతుండగా ఆయన కళ్లకు నీటికాసుల జబ్బని తేలడం, పక్కల నుంచి తరుగుతూ తరుగుతూ చూపు మొత్తం పోవడం, అన్నీ జరిగాయి. ఏళ్ల తరబడి రోజూ పొద్దున ఆయనకు పేపరు చదివి వినిపించాను. చెప్పడానికి అన్ని పొద్దులు దొరికినా నోరు పెగల్లేదు.

యాదగిరి మూడు రోజులు పని చేశాడు. మొదటి రోజే ట్యాంకు విప్పి టార్చి వేసి చూశాడు. నేనూ అతని పక్కన వంగి చూశాను. లోపల చుక్క లేదు. కడిగి తుడిచి ఆరబెట్టినట్టు శుభ్రంగా ఉంది. ప్లగ్గులు విప్పాడు. ఒక్కో రంధ్రంలోకి వేలు పెట్టి చూసి, జిడ్డుగా ఉన్న వేలు నాకు చూపించాడు. ఇంజను తుప్పు పట్టకుండా ఎవరో లోపల ఆయిల్ పోసి పెట్టారట.

"గిది ఖరాబైన బండి కాదక్కా," అన్నాడు. "కావాల్నని పండవెట్టిన బండి. మా నాయిన చెయ్యి గిది."

అప్పుడు చెప్పేశాను. నూనె సంగతి, సీసా సంగతి, ఇన్నేళ్ల సంగతి. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని గడప మీద కూర్చున్నాడు.

"గది మా ఇంట్ల అందరికెరుక. నువ్వు నూనె వోసిన్నాడే, పొద్దుగూకంగ మీ నాయిన, మా నాయిన బండి తీస్కపోయిన్రు. హాస్టల్ మలుపుకాడ పక్కకెల్లి సైకిల్ మీద వచ్చే పిలగాడు మీ నాయినకు అగుపడలే. మా నాయిన స్టీరింగ్ గుంజవట్టి గా పిలగాడు బతికిండు. కండ్ల సంగతి బయటవడితె ల్యాబుల నౌకరి పోతదని, బండే ఖరాబైందని చెప్పుమని మీ నాయిననే అన్నడంట. ట్యాంకి కడుగంగ నూనె వచ్చింది. పోరినేమనకు మల్లయ్యా, అది మందు వోసిందిరా అన్నడంట మీ నాయిన."

ఎవరూ నన్నేమీ అనకుండా చూసి, నాన్న నన్ను కాపాడాననుకున్నాడు. నేను నిందంతా నెత్తిన వేసుకుని, ఆయన ముందు నోరు మెదపకుండా ఇన్నేళ్లు బతికాను. ఎంత తెలివితక్కువ ప్రేమలు మావి. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి.

మూడో రోజు మధ్యాహ్నం, కార్బురేటర్ కడిగి, కొత్త బ్యాటరీ పెట్టి, టైర్లు మార్చి, హ్యాండిల్‌తో చాలాసేపు తిప్పాక, ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ కక్కి, అందుకుంది. నడిరోడ్డు మీద ఆగితే పరువు పోతుందని యాదగిరి భయపడుతున్నా నేను పట్టుబట్టి క్యాంపస్ దాకా పోనిమ్మన్నాను. క్వార్టర్లు లేవు. వాటి చోట ఏదో అద్దాల భవనం. సీతాఫలం పొదలున్న చోట పార్కింగ్, బండరాళ్లు పగలగొట్టి చదును చేశారు, వేపచెట్టు మొదలు కూడా లేదు. లచ్చమ్మ పిన్ని లేదు, మల్లయ్య బాబాయి లేడు. ఏ ఇల్లు ఎక్కడుండేదో యాదగిరికీ నాకూ కుదరలేదు, కాసేపు వాదులాడుకున్నాం.

హాస్టల్ మలుపు దగ్గర యాదగిరి బండి నెమ్మది చేశాడు, ఆపలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్లలో ఒక్కసారీ గుర్తు రానిది. కారు ఇటుకలెక్కాక కూడా శనివారం సాయంత్రాలు నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టుకునేవాడు. ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమనేవాడు. చెట్టు, మేక, నీళ్ల బిందెతో పిన్ని అని చెప్పేదాన్ని. అది మా ఆట అనుకున్నాను. ఒకరోజు ఆయన్ని ఏడిపిద్దామని, లేని సైకిల్ పక్క నుంచి వస్తోందని అరిచాను. ఇటుకల మీద కారు కదిలిపోయేటట్టు బ్రేకు తొక్కాడు. నేను పకపకా నవ్వాను. నాన్న నవ్వలేదు. స్టీరింగ్ వదలకుండా, తల నా వైపు తిప్పకుండానే అడిగాడు.

"వెళ్లిపోయాడా అమ్మా?"