బోరు నీళ్ల కోల్డ్ క్రీము

ఆ రోజుల్లో మార్కాపురంలో నాకు తెలిసినవాళ్ళు లేరని ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. బోలెడంతమంది ఉన్నారు, కాకపోతే అందరూ గ్రంథాలయం బీరువాల్లో ఉండేవాళ్ళు. చంద్రశేఖరపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఒక పలకల గోడౌనులో సరుకు ఎక్కించే చోట గుమాస్తాగా కుదిరాను. పొద్దుటి నుంచీ నా నోట వచ్చే మాటలు "ఇటు పెట్టండి", "తాడు బిగించండి" అన్నవే. సాయంత్రం గదికి చేరితే గోడ మీది బల్లి తప్ప పలకరించే దిక్కు లేదు (అదీ నన్ను చూడగానే ట్యూబులైటు వెనక్కి పోయేది). నాయన ఫోన్ చేసి "తిన్నావా?" అనేవాడు. "తిన్నా" అనేవాణ్ణి. ఆ పైన ఫోన్ పెట్టేసేవాళ్ళం. అందుకే గ్రంథాలయం తలుపులు వేసేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం అక్కడే దొరికింది. సబ్బులు, క్రీములు చేయడం వెనకున్న రసాయనశాస్త్రం అందులో ఉంది. పదో తరగతి సైన్సు పరీక్షను అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నేను, ఊరి నుంచి ఉత్తరం వచ్చినట్టు దాన్ని చదివాను.

నా గది ఒక దర్జీ దుకాణం పైన. దర్జీ భార్యను వీధంతా ఖాలా అని, అంటే పిన్నమ్మా అని పిలిచేది, నేనూ పిలిచాను. మన చర్మానిది కాస్త ఆమ్లగుణమనీ, సబ్బుది క్షారగుణమనీ, అందుకే సబ్బు రుద్దుకున్నాక ఒళ్ళు బిగుసుకుంటుందనీ చదివిన రోజున, ఇంత గొప్ప సంగతి వినేవాళ్ళు వేరే లేక ఖాలాకు చెప్పాను. ఆమె కుట్టుమిషను ఆపకుండానే విన్నది. లిట్మస్ కాగితాలు కొనుక్కొచ్చి కనిపించిన ప్రతిదాంట్లో ముంచడం మొదలుపెట్టాను. ఆమె పప్పుచారులో ముంచిన నీలం కాగితం ఎర్రబడగానే "ఆమ్లం!" అని అరిచాను. "అరే బేటా, చింతపండు పిసికింది నేను. పులుపో కాదో నీ కాయితం వచ్చి చెప్పాల్నా నాకు?" అని గరిటె ఎత్తింది. ఆ గరిటెతోనే నాకో గిన్నెడు పోసింది కూడా.

గోడౌనులో పలకలు కడిగి నున్నగా రుద్దే ఆడవాళ్ళకు పెద్ద, పెద్దక్క. రాతి పొడి, నీళ్ళు కలిసి ఆమె అరచేతులు ఎండిన చెరువు నేలలా బీటలు వేసి ఉండేవి. నూనె ఒక్కటే రాస్తే పలక జారిపోతుంది. నీళ్ళు ఇట్టే ఆరిపోతాయి. రెండూ కలిపి రాయాలంటే అవి కలవవు. "మధ్యలో ఒక పదార్థం ఉండాలక్కా. ఒక చెయ్యి నూనెకిస్తుంది, ఒక చెయ్యి నీళ్ళకిస్తుంది. ఇద్దరితోనూ మంచిగా ఉంటుంది" అని వివరించాను. పెద్దక్క ఆలోచించి, "మా మరిదీ అట్లాంటోడే. అన్నదమ్ముల కొట్లాటలో మధ్యన దూరినాడు. ఇద్దరూ కలిసి తన్నినారు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ ఊళ్ళో నా మాటకు నలుగురు నవ్వడం అదే మొదలు.

గిద్దలూరు అడవి వైపు నుంచి వచ్చే తేనెమైనం కొని నువ్వుల నూనెలో కరిగించాను. వేరే గిన్నెలో నీళ్ళు అంతే వేడి చేసి వెలిగారం కలిపాను. మైనంలోని ఆమ్లం, వెలిగారంలోని క్షారం కలిస్తే చిటికెడు సబ్బు పుడుతుంది, మధ్యవర్తి అదే. (పగిలిన చర్మానికి వెలిగారం తగదని తరవాత చదివాను, ఇప్పుడు వాడను.) గదిలో తాగడానికి కొన్న క్యాను నీళ్ళే ఉంటే అవే పోశాను. గిలక్కొట్టేకొద్దీ తెల్లగా, వెన్నలా పేరుకుంది. పెద్దక్క రెండు రోజులు రాసుకుని, మూడో నాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని నా మెట్ల దగ్గరికి వచ్చింది. ఆపైన రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చేవారు. వేలితో రవ్వంత క్రీము తీసుకుని, కూర్చుని, గంపెడు కబుర్లు చెప్పి పోయేవారు. నేను గ్రంథాలయానికి పోవడం మానేశాను.

ఒకనాడు పెద్దక్క అంది: "అబ్బాయ్, వచ్చే సోమవారం తర్లుపాడులో మా తమ్ముని కొడుకు పెండ్లి. మేనత్తను, నేనే నలుగు పెట్టాల. ఈ చేతుల్తో రుద్దితే పిలగాని మొగం గీరుకపోతాది. మా అందరికీ సరిపడా చెయ్యి. నువ్వు గూడా రావాల. ఆటో ఇక్కడికే వస్తాది."

ఆ ఊళ్ళో నన్ను ఎవరైనా ఎక్కడికైనా రమ్మనడం అదే మొదటిసారి. చొక్కా ఇస్త్రీ చేయించాను. ఖాలా దగ్గర పెద్ద డేగిసా అడిగి తెచ్చాను. అంత పాత్రకు క్యాను నీళ్ళు చాలవు గనక, కింద బోరు కుళాయి తిప్పి పట్టాను. కఠిన జలం పాఠం నాకు కంఠతా వచ్చు. మా వీధి బోరు నీళ్ళతో పప్పు ఉడకదని ఖాలా విసుక్కున్నప్పుడు, అందులోని సున్నపు లవణాలే కారణమనీ, అవి సబ్బును కూడా పనిచేయనివ్వవనీ ఆమెకు పూర్తిగా వివరించింది నేనే. అయితే అది పుస్తకంలోని జలం. ఇది నా బకెట్లోని నీళ్ళు. రెండూ ఒకటేనని ఆ ఆదివారం మధ్యాహ్నం నాకు తట్టలేదు, గిలక్కొట్టి మూత పెట్టేశాను.

సోమవారం పొద్దున మూత తీస్తే పైన నూనె తేలుతోంది, కింద తెల్లటి పలుకులు, అడుగున నీళ్ళు. ముగ్గురూ విడిపోయారు, మధ్యవర్తి చచ్చిపోయాడు. డేగిసా అంచున తెల్లగా కట్టిన సున్నపు గార చూశాక గానీ నాకు పాఠం గుర్తు రాలేదు. అంతలో వీధిలో ఆటో హారన్ మోగింది. డేగిసాను మెట్ల మీద పెట్టి, పైకొచ్చి గడియ వేసుకున్నాను.

"ఏందిది, పాలు విరిగినట్టుందే!" అని ఒక గొంతు. "విరిగితే విరిగిందిలే, పైన నూనె మంచిగనే ఉంది, రాసుకోండి" అని పెద్దక్క. తరవాత, "ఓ కిరీము అబ్బాయ్! దిగిరా, పొద్దు పోతాంది!" నేను ఇస్త్రీ చొక్కాతో తలుపు వెనక నిలబడ్డాను. "పైన లేడేమో" అంది ఖాలా. "ఉన్నాడు, చెప్పులీడనే ఉండాయి" అంది పెద్దక్క. ఇంకో రెండుసార్లు పిలిచింది. ఆటో కాసేపు ఆగి, వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్దక్క కాగితంలో లడ్డు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "నూనె చేతుల్తోనే పెట్టినా నలుగు. పిలగాడు చక్కిలిగిలని ఒకటే నవ్వు. నీకు చోటు పెట్టినాం ఆటోలో, మా సంచి మా ఒళ్ళో పెట్టుకుని" అంది. పని పడిందని చెప్పాను. ఆమె ఊఁ అంది.

ఇప్పుడు నాకు సొంతంగా చిన్న క్రీముల యూనిట్ ఉంది. శుద్ధిచేసిన నీళ్ళు తప్ప వేరే చుక్క పడనివ్వను. నా క్రీము ఏళ్ళ తరబడి విరగదు. దాన్ని తీసుకెళ్ళేది పార్సిలు లారీ, అది మెట్ల మీద కూర్చోదు. అప్పుడప్పుడూ వీధిలో ఆటో హారన్ వినిపిస్తే, తలుపు వెనక ఇస్త్రీ నలక్కుండా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు కళ్ళముందుకొస్తాడు. నవ్వొస్తుంది. వెనక నుంచి మెల్లగా గడియ తీసి, "దిగరా నాయనా, వాళ్ళకి నూనె చాల్లే" అనాలనిపిస్తుంది.